కన్‌స్ట్రక్షన్‌లోకి రావాలా వద్దా: బెజవాడ, గుంటూరు పిల్లల కోసం సైట్ నుంచి రాస్తున్న దారి

"అన్నా, అమరావతి పనులు మళ్లీ మొదలయ్యాయి కదా, సివిల్ తీసుకుంటే బాగుంటుందా?"

ఈ మధ్య ఇంటర్ అయిన పిల్లలు, వాళ్ల నాన్నలు, పాలిటెక్నిక్ ఆఖరి ఏడాది కుర్రాళ్లు, హైదరాబాద్‌లో వేరే ఉద్యోగం చేసి విసిగిపోయిన మా చుట్టాలబ్బాయి, అందరూ నన్ను అడుగుతున్నది ఇదే. ఫోన్లో అయిదు నిమిషాల్లో తేలే విషయం కాదు, అందుకే కూర్చుని మొత్తం రాస్తున్నాను. నేను బెజవాడలో సివిల్ డిప్లొమా చేసి, పోరంకిలో ఒక అపార్ట్‌మెంట్ సైట్‌లో సూపర్‌వైజర్‌గా మొదలై, తర్వాత గుంటూరు వచ్చేసి, ఇప్పుడు గోరంట్ల, నల్లపాడు వైపు ఇళ్లు కట్టిస్తున్నాను. ఈ పని నాకు ఇష్టం. ఇష్టం కాబట్టే, తెలియకుండా వచ్చి రెండేళ్లకి వెళ్లిపోయేవాళ్లని చూస్తే బాధేస్తుంది. వాళ్లలో చాలామందికి తెలివి తక్కువేం కాదు, రాకముందు ఒక్క సైట్ కూడా దగ్గర్నుంచి చూడలేదు, అంతే.

ముందు అమరావతి లెక్క తేల్చుకోండి

2015 అక్టోబర్ 22న ఉద్దండరాయునిపాలెంలో రాజధానికి శంకుస్థాపన జరిగినప్పుడు మా జూనియర్లు చాలామంది ఇక మన పంట పండింది అనుకున్నారు. 2016లో బీటెక్ సివిల్‌లో చేరినవాళ్లు 2020లో బయటికొచ్చేసరికి అక్కడ పనులు ఆగిపోయి ఉన్నాయి. సెక్రటేరియట్ టవర్ల పునాదుల చుట్టూ నీళ్లు నిలిచి చెరువులా ఉండేది. మళ్లీ 2025 మే 2న పనులు కొత్తగా మొదలయ్యాయి. అంటే ఒక పిల్లాడు కోర్సులో చేరి, పూర్తి చేసి, అయిదేళ్లు అనుభవం సంపాదించే కాలంలో ఒకే ప్రాజెక్టు మొదలవడం, ఆగడం, మళ్లీ మొదలవడం అన్నీ జరిగిపోయాయి.

మరి ఆ మధ్య కాలంలో పని తెలిసినవాళ్లు ఏమయ్యారంటే, కొందరు కానూరు, పెనమలూరు అపార్ట్‌మెంట్లలో కుదురుకున్నారు, కొందరు కాజ నుంచి చిన అవుటపల్లి దాకా వేసిన బైపాస్ పనుల్లో చేరారు, కొందరు హైదరాబాద్, బెంగళూరు, గల్ఫ్ వెళ్లారు. పని ఆగిన ఊరు నుంచి పని ఉన్న ఊరికి వెళ్లడం ఈ ఫీల్డ్‌లో మామూలే. కాబట్టి మీరు వేసుకోవాల్సిన ప్రశ్న అమరావతి ఉంటుందా ఉండదా అని కాదు. ఈ పని నాకు పడుతుందా, పడితే ఇందులో ఏ పని పడుతుంది అని. మిగతాదంతా ఆ రెంటి గురించే.

మొదటి అడుగు: రెండు వారాలు సైట్ దగ్గర నిలబడండి

కోర్సులో చేరకముందే, ఫీజు కట్టకముందే ఇది చేయండి. మీ వీధిలో ఎక్కడో ఒక ఇల్లు లేస్తూనే ఉంటుంది. తెలిసినవాళ్ల ద్వారా ఆ ఇంటి ఓనర్‌నో మేస్త్రినో పరిచయం చేసుకుని, "బాబాయ్, ఒక రెండు వారాలు వచ్చి చూస్తాను, ఏదైనా చిన్న పని చెప్పినా చేస్తాను" అని అడగండి. నలుగురిలో ముగ్గురు సరే అంటారని నా నమ్మకం. మన దగ్గర మేస్త్రీలకి పని నేర్చుకుంటానని వచ్చినవాడంటే అభిమానం ఉంటుంది.

వెళ్లేది పదింటికి కాదు, ఆరున్నరకి. వీలైతే ఏప్రిల్, మే నెలల్లో వెళ్లండి, ఎందుకంటే బెజవాడ ఎండలో మధ్యాహ్నం స్లాబ్ మీద నిలబడి చూస్తే గానీ మీ ఒళ్లు ఏం చెబుతుందో మీకు తెలియదు. రాడ్లు చేత్తో ముట్టుకోలేనంత కాలుతుంటాయి. ఆ ఎండకి తట్టుకోలేకపోతే సిగ్గుపడాల్సింది ఏమీ లేదు, ఇందులో ఆఫీసులో కూర్చుని చేసే పనులు కూడా ఉన్నాయి, వాటి గురించి కింద చెబుతాను. కానీ అది ముందే తెలుసుకోవడం మంచిది.

ఆ రెండు వారాల్లో మూడు సంగతులు ప్రత్యేకంగా గమనించండి. ఒకటి, ఎంత సమయం ఎదురుచూడటంలోనే పోతుందో: ఇసుక ట్రాక్టర్ రాలేదని, కరెంటు లేదని, మేస్త్రి ఇంకో సైట్‌కి వెళ్లాడని. ఆ ఎదురుచూపుల్లో మీకు చిరాకొస్తుందా, లేక వచ్చేలోపు ఇంకో పని ఏం చేయించొచ్చా అని బుర్ర పరిగెడుతుందా? రెండోరకం వాళ్లు సైట్‌కి పనికొస్తారు. రెండు, మనుషులు. ఒక సైట్‌లో శ్రీకాకుళం, విజయనగరం నుంచి వచ్చినవాళ్లు, ఒడిశా, బిహార్, బెంగాల్ నుంచి వచ్చినవాళ్లు, పక్క ఊరి ఆడకూలీలు అందరూ ఉంటారు. వాళ్లతో గౌరవంగా మాట్లాడి పని చేయించుకోవడం వచ్చా అన్నది మార్కుల కంటే ముఖ్యం. అన్నట్టు, హిందీ నేర్చుకోండి, విరిగిపోయిన హిందీ అయినా సరే, రాడ్ బెండింగ్ వాళ్లతోనూ టైల్స్ వాళ్లతోనూ రోజూ అక్కరకొస్తుంది. మూడు, కాళ్ల కింద మట్టి. గుంటూరు చుట్టూ చాలాచోట్ల నల్లరేగడి, వానకి ఉబ్బుతుంది, ఎండకి ముడుచుకుని పగుళ్లిస్తుంది. అందుకే పక్కపక్క స్థలాల్లో కూడా పునాది వేరేగా వేస్తారు. ఎందుకు ఇంత లోతు తవ్వారు, ఇక్కడ పైల్స్ (నేలలోకి లోతుగా దించే కాంక్రీట్ స్తంభాలు) ఎందుకు వేశారు అని అడగాలనిపించిందంటే అది మంచి గుర్తు. 2024 సెప్టెంబర్ మొదట్లో బుడమేరు పొంగి సింగ్ నగర్ మునిగిన తర్వాత ఇల్లు కట్టుకునే ప్రతివాళ్లూ బేస్‌మెంట్ ఎంత ఎత్తు లేపాలి అని అడుగుతున్నారు. పుస్తకంలో ఉండే నేల, నీరు మన సైట్‌లో ఇలా ఎదురొస్తాయి.

ఒక్క స్లాబ్ రోజైనా తప్పకుండా ఉండండి. నా మొదటి స్లాబ్ గురించి చెబుతాను, ఈ పని ఎలాంటిదో దానికంటే బాగా చెప్పడం నాకు రాదు.

ముందు రోజు సాయంత్రం నేను డ్రాయింగ్ పట్టుకుని స్లాబ్ అంతా తిరిగి చెక్ చేశాను. రాడ్ల మధ్య దూరం సరిగ్గా ఉంది, రాడ్లు అడుగుకి తగలకుండా కింద పెట్టే చిన్న కవర్ బ్లాకులు ఉన్నాయి, బాల్కనీ దగ్గర మెయిన్ రాడ్లు పైవైపు ఉన్నాయి. బాల్కనీ ఒకవైపే ఆనుకుని గాలిలోకి పొడుచుకొచ్చే స్లాబ్ కదా, దానికి లాగుడు పైభాగంలో పడుతుంది కాబట్టి రాడ్లు పైనే ఉండాలి. అంతా బాగుందని ధైర్యంగా ఇంటికెళ్లి పడుకున్నాను. పొద్దున ఆరింటికల్లా కాంక్రీట్ కలిపే మిల్లర్ తిరగడం మొదలైంది, తట్టలు చేతులు మారుతున్నాయి, వైబ్రేటర్ మోత. ఎనిమిదింటికి మేస్త్రి ఒక్కసారిగా "ఆపండ్రా" అని అరిచి బాల్కనీ వైపు పరిగెత్తాడు. వెళ్లి చూస్తే, కూలీలు తట్టలతో ఆ రాడ్ల మీద నుంచే నడవడంతో పైనుండాల్సిన కడ్డీలు అడుగుకి అణిగిపోయాయి. వాటిని పైన నిలబెట్టే చైర్లు నాలుగు చోట్ల ఉండాల్సింది రెండు చోట్లే ఉన్నాయి, ముందురోజు నేను రాడ్లు చూశాను గానీ చైర్లు లెక్కపెట్టలేదు. ఆయన మోకాళ్ల మీద కూర్చుని రెండు చేతులతో ఆ రాడ్లని పైకి లాగి, కింద చైర్లు పెట్టించి, నడవడానికి చెక్కలు వేయించి, అప్పుడు పని మొదలెట్టమన్నాడు. నన్ను ఒక్క మాట అనలేదు. "బాబూ, రాత్రి చూసింది రాత్రికే, కాంక్రీట్ పడేటప్పుడు ఇంకోసారి చూడాలి" అన్నాడు. ఆయన ఆపకపోతే పైకి అందంగా కనిపించే ఆ బాల్కనీ మీద ఎవరో ఒకరి పిల్లలు నిలబడేవాళ్లు. ఆ రోజు నుంచి స్లాబ్ పడుతుంటే నేను కుర్చీలో కూర్చోలేదు.

ఇలాంటి రోజు చూశాక కూడా "నేనైతే చైర్లు లెక్కపెట్టేవాణ్ని" అని మీకనిపిస్తే రండి.

రెండో అడుగు: ఏ తలుపులోంచి రావాలో తేల్చుకోండి

సివిల్ అనగానే అందరికీ హెల్మెట్ పెట్టుకున్న ఇంజనీరే గుర్తొస్తాడు. లోపలికొస్తే తలుపులు చాలా ఉన్నాయి.

చేతిపని అన్నింటికంటే మొదట చెబుతాను, ఎందుకంటే మన ఇళ్లల్లో దాన్ని చిన్నచూపు చూస్తారు, అది చాలా తప్పు. తాపీ పని, రాడ్ బెండింగ్, సెంట్రింగ్ (కాంక్రీట్ పోయడానికి అచ్చులు, ఊతాలు కట్టే పని), ప్లంబింగ్, కరెంటు పని, టైల్స్, పెయింటింగ్, వెల్డింగ్, అల్యూమినియం కిటికీలు. వీటిలో ఏదైనా ఒకటి నాణ్యంగా చేసేవాడికి మా దగ్గర నెలల తరబడి ఖాళీ దొరకదు. సంక్రాంతికి ఊళ్లకెళ్లిన పనివాళ్లు తిరిగొచ్చేదాకా సైట్లు బోసిపోయి ఉంటాయి, అప్పుడు నేను ఫోన్ చేసేది ఏ ఇంజనీర్‌కీ కాదు, ఒక మంచి టైల్స్ మేస్త్రికి. చదువు మీద మనసు లేని పిల్లవాడిని బలవంతంగా బీటెక్‌లో తోసి నాలుగేళ్లు బ్యాక్‌లాగ్‌లతో ఏడిపించే కంటే, ఐటీఐలో ఎలక్ట్రీషియనో ప్లంబరో చేయించి ఒక మంచి మేస్త్రి దగ్గర పెడితే ఆ ఇల్లు నిలబడుతుంది.

సైట్ సూపర్‌వైజర్, సైట్ ఇంజనీర్: ఎండ, జనం, లెక్క మూడూ భరించగలిగినవాళ్లకి. డిప్లొమా లేదా బీటెక్.

బిల్లింగ్, క్వాంటిటీ పని మీద చాలామంది దృష్టి పెట్టరు. ఎంత తవ్వారు, ఎంత కాంక్రీట్ పడింది, ఎంత స్టీల్ వాడారు, ఎవరికి ఎంత ఇవ్వాలి అన్నది లెక్కగట్టే పని. సైట్‌లో కొలతలు తీసుకుని వచ్చి ఎక్సెల్‌లో కూర్చుని చేసేది. కంపెనీకి డబ్బు వచ్చేదీ పోయేదీ ఈ టేబుల్ మీదుగానే కాబట్టి మంచి బిల్లింగ్ ఇంజనీర్‌ని ఎవరూ వదులుకోరు. లెక్కలంటే ఇష్టం ఉండి ఎండ పడనివాళ్లకి నేను మొదట చెప్పేది ఇదే.

డ్రాయింగ్ వైపు అయితే ఆర్కిటెక్ట్‌ల దగ్గర, స్ట్రక్చరల్ కన్సల్టెంట్‌ల దగ్గర, మున్సిపల్ ప్లాన్‌లు వేసే ఎల్‌టీపీల (లైసెన్స్ ఉన్న టెక్నికల్ పర్సన్ల) దగ్గర పని ఉంటుంది. ప్లాన్ అప్రూవల్ ఆన్‌లైన్‌కి మారాక నియమాల ప్రకారం సెట్‌బ్యాక్‌లు (ఇంటి చుట్టూ విడవాల్సిన ఖాళీ) వదిలి డ్రాయింగ్ తప్పుల్లేకుండా వేయగలవాళ్లకి గిరాకీ పెరిగింది. క్వాలిటీ ల్యాబ్‌లో బలం చూడటానికి కాంక్రీట్ క్యూబులు పగలగొట్టే పని, టోటల్ స్టేషన్ అనే కొలత యంత్రం పట్టుకునే సర్వే పని, పెద్ద ప్రాజెక్టుల్లో ప్లానింగ్, సేఫ్టీ ఆఫీసర్, స్టోర్స్, ఇవన్నీ వేర్వేరు ఉద్యోగాలు. పెద్ద రోడ్డు పనులు, రాజధాని పనులు చేసే కంపెనీల్లో ఇవి విడివిడిగా ఉంటాయి, చిన్న బిల్డర్ దగ్గర అయితే అన్నీ మీరే.

గవర్నమెంట్ ఉద్యోగం గురించి కూడా అడుగుతారు. ఏపీపీఎస్సీ ఏఈఈ పోస్టులు, కేంద్రంలో ఎస్సెస్సీ జేఈ, రైల్వే జేఈ, ఇవి సివిల్ వాళ్లు రాసుకోవచ్చు. 2019లో గ్రామ, వార్డు సచివాలయాలు పెట్టినప్పుడు ఊళ్లలో ఇంజనీరింగ్ అసిస్టెంట్లు, వార్డుల్లో అమెనిటీస్ సెక్రటరీలు అయిన సివిల్ పిల్లలు నాకు చాలామంది తెలుసు. నోటిఫికేషన్ ఎప్పుడొస్తుందో మన చేతిలో ఉండదు కాబట్టి, పగలు సైట్‌లో పని చేస్తూ రాత్రి చదువుకోమనే చెబుతాను. ఖాళీగా కూర్చుని మూడేళ్లు చదివి అటూ ఇటూ కాకుండా పోయినవాళ్లని చూశాను.

మూడో అడుగు: చదువు

పదో తరగతి అయ్యాక రెండు దారులు. ఐటీఐలో డ్రాఫ్ట్స్‌మన్ సివిల్ రెండేళ్లు, ఎలక్ట్రీషియన్ రెండేళ్లు, ప్లంబర్, వెల్డర్ ఒక్కో ఏడాది. లేదంటే పాలిసెట్ రాసి మూడేళ్ల డిప్లొమా. డిప్లొమా తర్వాత ఈసెట్ రాస్తే నేరుగా బీటెక్ రెండో ఏడాదిలో చేరొచ్చు. నా మట్టుకు నాకు ఈ దారే నచ్చుతుంది, ఎందుకంటే డిప్లొమాకీ బీటెక్‌కీ మధ్యలో ఏడాది సైట్‌లో పని చేసి వెళ్లినవాడికి క్లాసులో చెప్పేది ఇట్టే అర్థమవుతుంది.

ఇంటర్ అయ్యాక ఈఏపీసెట్‌తో బీటెక్ నాలుగేళ్లు. ఆర్కిటెక్చర్ అయితే అయిదేళ్లు. మన బెజవాడలోనే 2008లో పెట్టిన స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్ ఉంది, జేఈఈ మెయిన్ పేపర్ 2 రాసి వెళ్లాలి. పక్కనే ఇంత మంచి సంస్థ ఉందని మన జిల్లాల పిల్లలకే తెలియకపోవడం నాకు ఎప్పుడూ వెలితిగానే ఉంటుంది. బొమ్మలు వేయడం ఇష్టమున్న పిల్లలుంటే దయచేసి చెప్పండి.

సాఫ్ట్‌వేర్‌లు నేర్చుకోండి, కానీ ఒకేసారి అన్నీ వద్దు. ఆటోక్యాడ్, ఎక్సెల్ ఈ రెండూ ఎవరికైనా తప్పనిసరి. డిజైన్ వైపు వెళ్తే స్టాడ్ ప్రో, ఈట్యాబ్స్. పెద్ద కంపెనీల డ్రాయింగ్ విభాగానికైతే రెవిట్. ప్లానింగ్‌కి ప్రైమవేరా. బీటెక్ అవ్వగానే అయిదు కోర్సులు కలిపిన ప్యాకేజీ అంటూ పెద్ద మొత్తం కట్టించుకునే చోట్ల ఆగి ఆలోచించండి. వాడని సాఫ్ట్‌వేర్ ఆరు నెలల్లో మర్చిపోతాం.

నాలుగో అడుగు: కొన్ని లెక్కలు నోటికి రావాలి

ఇంటర్వ్యూలో అడుగుతారనే కాదు, ఇవి రాకపోతే సైట్‌లో మీ మాట ఎవరూ వినరు.

రాడ్ బరువు. వ్యాసం మిల్లీమీటర్లలో తీసుకుని దాన్ని దానితోనే గుణించి 162తో భాగిస్తే మీటరుకి ఎన్ని కిలోలో వస్తుంది. 12 ఎంఎం అయితే 144ని 162తో భాగిస్తే 0.889 కిలోలు. రాడ్ పొడవు 12 మీటర్లు కాబట్టి ఒక్కోటి దాదాపు 10.7 కిలోలు. ఆటోనగర్ నుంచి లోడ్ దిగినప్పుడు నేను ఇప్పటికీ ఒక మీటరు ముక్క కోయించి తూకం వేయిస్తాను. కొంచెం అటూ ఇటూ ఉండటం మామూలే, బాగా తక్కువ తూగితే ఆ లోడ్ దింపనివ్వను.

స్లాబ్ కాంక్రీట్. వెయ్యి చదరపు అడుగులు, అయిదు అంగుళాల మందం అనుకోండి. అయిదు అంగుళాలంటే 0.417 అడుగు, అంటే 417 ఘనపుటడుగులు. ఘనపు మీటరుకి 35.3 ఘనపుటడుగులు కాబట్టి సుమారు 11.8 ఘనపు మీటర్లు. సిమెంట్, ఇసుక, కంకర 1:1.5:3 పాళ్లలో కలిపితే ఘనపు మీటరుకి దగ్గర దగ్గర 8 బస్తాలు, మొత్తం 95 బస్తాల దాకా పడుతుంది. బీములు దీనికి అదనం. ఈ లెక్క చేత్తో ఒక పదిసార్లు చేస్తే ఇక మర్చిపోరు.

స్థలం కొలతలు: సెంటు అంటే 435.6 చదరపు అడుగులు, గజం అంటే 9. చదరం అంటే వంద చదరపు అడుగులు. మేస్త్రి చదరాల్లో మాట్లాడతాడు, ఓనర్ గజాల్లో, డ్రాయింగ్ మీటర్లలో ఉంటుంది, మధ్యలో మార్చి చెప్పాల్సింది మీరు.

షట్టరింగ్, అంటే సెంట్రింగ్ అచ్చులు, విప్పడం గురించి గట్టిగా చెబుతాను. కాంక్రీట్ పనికి మన దేశ ప్రమాణమైన ఐఎస్ 456 ప్రకారం మామూలు సిమెంట్‌తో పోసిన స్లాబ్‌కి స్పాన్ (రెండు ఆధారాల మధ్య దూరం) 4.5 మీటర్ల లోపైతే సపోర్టులు 7 రోజులు, అది దాటితే 14 రోజులు ఉండాలి. బీములకి 6 మీటర్ల లోపు 14 రోజులు, దాటితే 21. సెంట్రింగ్ అతను వేరే సైట్‌కి షీట్లు కావాలని తొందరపెడతాడు, ఓనర్ గృహప్రవేశం ముహూర్తం దగ్గరపడిందని తొందరపెడతాడు. అక్కడ కాదని చెప్పడమే మీ ఉద్యోగం. నీళ్లు కట్టడం కూడా అంతే, మామూలు సిమెంట్‌కి కనీసం 7 రోజులు, ఫ్లైయాష్ కలిసిన పీపీసీకి కనీసం 10, మన ఎండలకి నేనైతే పద్నాలుగు రోజులు కట్టిస్తాను.

ఇక స్లంప్, అంటే కాంక్రీట్ ఎంత పలచగా ఉందో చూసే పరీక్ష. 30 సెంటీమీటర్ల ఎత్తు, కింద 20, పైన 10 వెడల్పు ఉన్న చిన్న ఇనుప గరాటు. అందులో కాంక్రీట్ పొరపొరగా వేసి, పొరకి 25 పోట్లు పొడిచి, నెమ్మదిగా గరాటు పైకి ఎత్తితే ఆ ముద్ద ఎంత కుంగిందో కొలవాలి. రెడీమిక్స్ లారీ వచ్చినప్పుడు ఈ పరీక్ష చేస్తున్నవాడి పక్కన నిలబడి చూడండి. దారిలో ట్రాఫిక్‌లో ఇరుక్కుని ఆలస్యమైన లారీలో కాంక్రీట్ బిగిసిపోతే, కొందరు పైపు పెట్టి నీళ్లు కొట్టేస్తారు. చూడటానికి చక్కగా జారుతుంది, బలం పోతుంది. అది కుదరదని లారీ డ్రైవర్‌తో చెప్పి తిప్పి పంపిన రోజు మీరు ఇంజనీర్ అయినట్టు.

అయిదో అడుగు: మొదటి ఉద్యోగం, డబ్బు సంగతి

మొదటి రెండేళ్లు జీతం కంటే ఎవరి కింద పని చేస్తున్నారన్నది చూడండి అని అందరూ అంటారు, నేనూ అంటాను, కానీ దానికి ఒక హద్దు ఉంది. నా రెండో ఉద్యోగంలో ఒక కాంట్రాక్టర్ "పని నేర్చుకుంటున్నావుగా" అంటూ మూడు నెలల జీతం ఆపి, నాలుగో నెలలో ఫోన్ ఎత్తడం మానేశాడు. రాతపూర్వకంగా నా చేతిలో ఒక్క కాగితం లేదు. ఇంటి అద్దెకి అమ్మ దగ్గర అడగాల్సొచ్చిన ఆ రోజులు నాకింకా గుర్తే. కాబట్టి చేరేముందే జీతం ఎంత, ఏ తారీఖున, బ్యాంకులోనా చేతికా, పీఎఫ్ ఉందా, రూమ్ ఇస్తారా, బండికి పెట్రోల్ ఇస్తారా అన్నీ అడగండి. ఆఫర్ లెటర్ ఇవ్వకపోతే కనీసం వాట్సాప్‌లో మెసేజ్‌గా పెట్టమనండి. అడిగితే ఏమనుకుంటారో అని మొహమాటపడొద్దు. రెండో నెల జీతం కూడా రాకపోతే మూడో నెల ఉండొద్దు.

చిన్న బిల్డర్ దగ్గర చేరాలా, పెద్ద కంపెనీలోనా? చిన్న చోట పునాది నుంచి పెయింట్ దాకా అన్నీ చూస్తారు కానీ తప్పుడు పద్ధతులు కూడా అలవాటవుతాయి. పెద్ద చోట ఒక్క పనే ఏడాదంతా చేస్తారు, ఉదాహరణకి పైల్స్ మాత్రమే, కానీ కాగితం, టెస్టింగ్, సేఫ్టీ అన్నీ పద్ధతిగా నేర్చుకుంటారు. నా సలహా, ముందు ఏడాదిన్నర చిన్న చోట, తర్వాత పెద్ద చోట. తిరగేసి చేసి బాగుపడినవాళ్లూ ఉన్నారు.

వానాకాలం గురించి కూడా ముందే తెలిసి ఉండాలి. కృష్ణలో ఇసుక తవ్వకం ఆగుతుంది, స్టాక్ పెట్టుకున్నవాళ్లకే పని నడుస్తుంది, రోజుకూలీలకి రోజులు పోతాయి. చేతిపని వాళ్లైతే ఎండాకాలం సంపాదనలోంచి ఆ నెలలకి కొంత పక్కన పెట్టుకోవాలి. అలాగే భవన నిర్మాణ కార్మికుల సంక్షేమ బోర్డులో పేరు నమోదు చేయించుకోండి. 18 నుంచి 60 ఏళ్ల లోపు వయసుండి, గడిచిన ఏడాదిలో కనీసం 90 రోజులు నిర్మాణ పని చేసి ఉండాలి. కట్టే బిల్డింగుల మీద వసూలయ్యే సెస్సు డబ్బు అది, అది పనివాళ్ల హక్కు. మా సైట్‌కి కొత్తగా వచ్చే ప్రతివాళ్లనీ కార్డు ఉందా అని అడుగుతాను, లేదనేవాళ్లే ఎక్కువ.

ప్రాణం గురించి

హెల్మెట్, షూ, ఎత్తు మీద పనికి బెల్టు. ఇవి ఇవ్వని సైట్‌లో మీకెంత జీతమిచ్చినా పని చేయొద్దు. మన దగ్గర ప్రమాదాలు పెద్ద పెద్ద యంత్రాల వల్ల జరిగేది తక్కువ. లిఫ్ట్ గుంతకి అడ్డం లేకపోవడం, సెల్లార్ తవ్విన గట్టు వానకి నాని కూలడం, వైబ్రేటర్ వైరు తెగి నీళ్లలో పడి ఉండటం, సర్వీ కర్రల పరంజా తాళ్లు కుళ్లిపోవడం, ఇవే మనుషుల్ని తీసుకెళ్లిపోతున్నాయి. అన్నీ ముందురోజు కళ్లతో కనిపించేవే. మీరు సూపర్‌వైజర్ అయితే పొద్దున్నే పని మొదలవక ముందు ఈ నాలుగూ చూసి రండి, పది నిమిషాలు కూడా పట్టదు. ఎండాకాలం పన్నెండు నుంచి మూడున్నర దాకా పైన పని ఆపేసి, పొద్దున ఒక గంట ముందు మొదలెట్టండి. మజ్జిగ పోయించండి.

అమ్మాయిలు రావచ్చా

తప్పకుండా. బిల్లింగ్, డిజైన్, ల్యాబ్, ప్లానింగ్‌లో ఎందరో ఉన్నారు, సైట్ మీద కూడా ఉన్నారు. నాతో పని చేసిన ఒక అమ్మాయి రాడ్లు చెక్ చేస్తే నేను మళ్లీ చూసేవాణ్ని కాదు, అంత నికార్సైన పని. అసలు కష్టం పనిలో లేదు, సైట్‌లో టాయిలెట్ లేకపోవడంలో, చీకటిపడ్డాక ఇంటికి చేరడంలో ఉంది. ఇంటర్వ్యూలోనే ఈ రెండూ సూటిగా అడగమ్మా, సరైన జవాబు ఇవ్వని చోట చేరకు. అదే సైట్‌లో తట్టలు మోసే ఆడకూలీలకి కూడా ఆ టాయిలెట్ కావాలి కదా, నువ్వు అడిగితే వాళ్లకీ వస్తుంది.

సొంతంగా కాంట్రాక్ట్ ఎప్పుడు

అయిదేళ్లకి ముందు వద్దు. మొదట లేబర్ కాంట్రాక్ట్ తీసుకోండి, అంటే మెటీరియల్ ఓనర్‌ది, పనివాళ్లు మీవాళ్లు, అడుగుకి ఇంత అని. వారం వారం బట్వాడా (కూలి పంపకం) మీ చేతుల మీదుగా జరిగితే డబ్బు ఎంత వేగంగా కరుగుతుందో తెలుస్తుంది. కనీసం నాలుగు వారాల బట్వాడాకి సరిపడా డబ్బు చేతిలో లేకుండా దిగొద్దు, ఎందుకంటే ఓనర్ డబ్బు ఆలస్యమైనా కూలీకి శనివారం శనివారమే. అగ్రిమెంట్‌లో ఏ దశకి ఎంత ఇవ్వాలో, ఏవి అదనపు పనులో విడివిడిగా రాయించండి. కాంపౌండ్ వాల్, సంప్, మెట్ల కింద గది, గొడవలన్నీ అక్కడే వస్తాయి. ప్రభుత్వ పనులైతే ఐదో తరగతి నుంచి స్పెషల్ క్లాస్ దాకా కాంట్రాక్టర్ రిజిస్ట్రేషన్ ఉంటుంది, కింద నుంచి మొదలెట్టొచ్చు. బిల్లు ఆలస్యమైనా తట్టుకునే బలం ఉన్నప్పుడే ఆ వైపు చూడండి.

సోమవారం పొద్దున

ఇదంతా చదివాక కూడా రావాలనే ఉంటే, ఇక ఆలోచించడం ఆపి సైట్‌కి వెళ్లండి. అయిదు మీటర్ల టేపు ఒకటి, జేబులో పట్టే నోట్‌బుక్, పెన్సిల్ (పెన్ను చెమటకి రాయదు), మందపాటి అడుగున్న షూ, పూర్తి చేతుల చొక్కా, రెండు లీటర్ల నీళ్లు. ఫోన్ జేబులోనే ఉంచండి. ఆ రోజు గోడ కడుతుంటే మేస్త్రి తూకం గుండు వేలాడదీసి ఎలా చూస్తున్నాడో, రసమట్టం ఎక్కడెక్కడ పెడుతున్నాడో, ఎన్ని వరసలకి ఒకసారి దారం మారుస్తున్నాడో రాసుకోండి. ఎలాగూ ఏదో ఒక సమయంలో ఆయన కొలత తీయడానికి ఇంకో మనిషి కోసం చుట్టూ చూస్తాడు. అప్పుడు వెళ్లి టేపు రెండో కొస పట్టుకోండి.